సగం ఫొటో

పిచ్చుకా, నీ ఆల్బమ్ కుట్టడం అయింది. ఫొటోలు అంటించాక ఉబ్బిపోకుండా పేజీల మధ్య సన్నటి అట్టముక్కలు కూడా పెట్టాను. ఇంట్లో ఉన్న నీ ఫొటోలన్నీ అతికించేసినా పేజీలు మిగిలిపోయాయే. ఇక నీ కొత్త ఫొటోలు రావు కదా, వాటిని దేంతో నింపను?

కొండల మధ్య ఫియోర్డు నీళ్లలో పడవ తిరగబడిన రోజు నీతో ఉన్న నీ నేస్తం రిక్కెని, నీ ఫొటోలేమైనా ఉంటే ఇమ్మని బతిమాలాను. ఆ పొద్దున తీసిన ఫొటో ఒకటి తెచ్చింది గానీ గుమ్మం దాటలేదు.

"లోపలికి రావే, ఈ చలిలో తలుపు తెరిచిపెట్టి వీధి మొత్తాన్నీ నేనే వెచ్చబెట్టాలా?" అన్నాను.

"వద్దు పిన్నీ. నేనొక్కదాన్నే బతికొచ్చి మీ ఇంట్లో ఎలా కూర్చోను?" అని వెళ్లిపోయింది.

ఫొటోలో నువ్వు నవ్వుతున్నావు. పక్కనున్న తనని మాత్రం రిక్కె కత్తెరతో కోసేసుకుంది. నీ భుజం మీద దాని చెయ్యి మిగిలిపోయింది. అది చూసి చాలాసేపు ఏడ్చాను.

రిక్కె, ఈ కార్డు నా పిచ్చుక సిగ్నెకని రాయడం మొదలుపెట్టాను. దానికి పంపే దారి లేదు, నీకు పంపుతున్నాను. ఆ రెండో సగం పారేయకుండా పట్టుకురా, ఇద్దరినీ కలిపి అతికిస్తాను. బాగా చిక్కిపోయావు తల్లీ. కడుపునిండా తిను.