నాలుగో పేరు

1993. అల్లర్లు చల్లారిన నెలకు, తెలుగు నేతగాళ్లు వలసొచ్చి ఉండే లింబాయత్‌లో శాంతి సభ పెట్టారు. వేదిక మీద స్వామీజీ, మౌలానా పక్కపక్కనే కూర్చున్నారు. పోయిన తమవాళ్ల పేర్లు ఎవరికి వారు చదివి, ఆపైన ప్రార్థన చేయాలని ఏర్పాటు.

స్వామీజీ చదివినంతసేపూ జనంలో కూర్చున్న లింగవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది. కొడుకు పేరు రాలేదు.

మౌలానా లేచాడు. ఆయన చదివిన నాలుగో పేరు ఉస్సేను, మగ్గాల కార్ఖానాలో పని.

లింగవ్వ లేచి నిలబడింది. "వాడు నా కొడుకు సామీ. మేం పద్మశాలోళ్లం. పీర్లకు మొక్కితె పుట్టిండని ఊళ్లె గా పేరు పెట్టుకున్నం."

స్వామీజీ కంగారుగా జేబులోంచి కలం తీశాడు. "పొరపాటైందమ్మా. ఇప్పుడే ఇటు రాస్తాను. మనవాడే కదా!"

మౌలానా తన కాగితం మీద ఆ పేరు కొట్టేయబోయాడు. లింగవ్వ చేయి అడ్డం పెట్టింది.

"కొట్టెయ్యకు సాబ్, ఆడనే ఉండనియ్యి."

స్వామీజీ వైపు తిరిగింది.

"దవాఖాన్ల పానం పోయే ముందు వాడే చెప్పిండు. మనోళ్లే ఆపి పేరడిగిన్రంట. చెప్పంగనే పొడిచిన్రంట. అంగి గుండీలిప్పితే మెడల జంజం పోగు కనవడేది. గంతసేపన్న ఆగలే సామీ."