వైరు కనపడొద్దు

“వైరు కనపడొద్దు పరమేషన్నా. కారుల కొత్తగ ఏదో పెట్టిచ్చినట్టే తెల్వద్దు.”

చేవెళ్లలో కార్ల సామాను అమ్మి బిగించే పరమేష్, సంతోషి తెచ్చిన దారి చూపే స్క్రీనును అటూ ఇటూ తిప్పి చూశాడు.

“వైరు దాస్త. మరి దీన్ని యాడ దాస్తవు చెల్లె?”

“అది కారు దిగంగనే పీకి బ్యాగుల ఏస్కుంట. మా మామ కంట పడొద్దు.”

పరమేష్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది. “శంకరయ్య బాపుకు తెల్వకుండనా?”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు సంతోషి చున్నీ సర్దుకుంది. “ఆయన మంచికే అన్నా. ఈ వయసుల ఎండల పడి నాతోని ఎందుకు తిరుగుడు? రేపటి సంది ఇంట్ల సల్లగ కూసుంటడు.”

ఇది పూర్తిగా అబద్ధం కాదు. అలాగని నిజమూ కాదు. అందుకే పరమేష్ ముఖంలోకి చూడకుండా చెప్పింది.

సంతోషి ల్యాబులో పని చేస్తుంది. ఇళ్లకు వెళ్లి పరీక్షలకు రక్తం తీసుకురావాలి. మొయినాబాదు చుట్టూ ఉన్న ఫామ్‌హౌజుల సంగతి తెలిసిందే. ఒకదానికి పేరుండదు, ఇంకోదానికి గేటే కనిపించదు. కోడలు అలాంటి చోట్లకు ఒక్కతే పోవడమేమిటని శంకరయ్య పక్క సీటెక్కాడు. ఒకప్పుడు కిరాయి జీపు నడిపినవాడు. “నేనుండంగ ఫోన్ల చూసుడెందుకు? ఈ దిక్కు దారులు కండ్లు మూసుకొని చెప్త బిడ్డా” అనేవాడు. నిజంగానే కళ్లు మూసుకుని చెప్పేవాడు కూడా. ఏసీ గాలి పడదని ఎండాకాలంలోనూ చెవుల నిండా మఫ్లరు చుట్టుకుని, సీట్లో జారగిలబడి, “ఎడమకు... ఇగ కుడికి” అంటూ సరిగ్గా గేటు ముందు దింపేవాడు.

బయల్దేరే ముందు మాత్రం ఆయనకో తంతు ఉండేది. “ఎటు పోవాలె బిడ్డా?” అని అడిగి, తన ముందున్న డ్యాష్‌బోర్డు అర తెరిచి, లోపలికి వంగి ఊరి పేరు చెప్పి, మూసేసేవాడు. లోపల చిలుకూరు బాలాజీ పటం పెట్టుకున్నాడు కాబోలనుకుంది సంతోషి. దేవుడి వ్యవహారం మనకెందుకని ఆ అర ఎన్నడూ ముట్టుకోలేదు.

అత్త పోయాక ఇంట్లో నోరు విప్పని మనిషి కారెక్కితేనే మాట్లాడేవాడు. పొద్దున్నే ఆమె కంటే ముందు తెల్లచొక్కా తొడుక్కుని కారు దగ్గర నిలబడేవాడు.

అంతా బాగానే ఉండేది, పోయిన వారం దగ్గర్లోని ప్రొద్దుటూరు పోకపోతే.

అక్కడ షుగరున్న సుగుణమ్మ రక్తపరీక్ష కోసం టిఫిన్ చెయ్యకుండా కూర్చుని ఉంది. ఆ రోజు వెనక సీట్లో ల్యాబు నర్సు జెన్నీ కూడా ఉంది. తొందరగా బయల్దేరారు; ఇల్లు దాటి కొంత దూరం వచ్చాకే శంకరయ్య అర తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు.

“ఒక్కసారి ఇంటికి పోయొద్దాం బిడ్డా.”

“ఏం మర్చినవ్ మామా?”

“ఏం లే... పోయొద్దాం.”

“టైమైతున్నది. దారి చెప్పు.”

ఆయన కళ్లు తెరిచి బయటికి చూశాడు. ఒక మలుపు చెప్తే అది కోళ్ల ఫారం ముందు ఆగిపోయింది. ఇంకోటి చెప్తే బురదలో దిగబడింది. సుగుణమ్మ ఇంటి నుంచి ఫోను మోగుతూనే ఉంది. జెన్నీ ముసిముసిగా నవ్వింది. సంతోషికి తల కొట్టేసినట్టయింది.

“తెల్వనప్పుడు ముందల కూసునుడెందుకు మామా? ఎనకకు పోయి కూసో!”

శంకరయ్య దిగి, వెనక సీట్లో కూర్చున్నాడు. జెన్నీ నవ్వు ఆగిపోయింది.

మర్నాడు ఆయన ఏమీ జరగనట్టే తెల్లచొక్కాతో వచ్చి, ఒక్క మలుపూ తప్పకుండా దారి చెప్పాడు. అయినా సంతోషికి నమ్మకం పోయింది. నమ్మకం కంటే ముందు ఆయనకు ముఖం చూపించే ధైర్యం పోయింది. ఆనాటి నుంచి అన్నం వడ్డించేటప్పుడు కూడా ఆమె మామ వైపు చూడడం లేదు. తప్పయిందని చెప్పడం కంటే స్క్రీను కొనడం తేలిక అనిపించింది.

“స్టీరింగు పక్క నుంచి తెస్త” అన్నాడు పరమేష్.

“అట్లయితే కనపడ్తది. ఎడమ డోరు పక్కన ఆ రబ్బరు కింద నుంచి తే.”

“ఆ పక్క వద్దు చెల్లె.”

“ఎందుకు?”

“వద్దంటున్న గద!”

పని ఎగ్గొట్టడానికి సాకు అనుకుంది. తనే ఎడమ తలుపు తెరిచి రబ్బరు పట్టి లాగింది. దాంతో పాటు ప్లాస్టిక్ పట్టీ ఊడి వచ్చింది.

కింద సన్నని నల్ల వైరు. ఎక్కడా మెలిక లేకుండా, టేపులు వేసి శ్రద్ధగా పరిచారు. ఒక కొస డ్యాష్‌బోర్డు అరలోకి పోయింది. ఇంకో కొస మామ సీటు అంచున బయటికి తేలింది. దానికి చెవిలో పెట్టుకునే చిన్న బుడిపె ఉంది.

“ఇదెవరు పెట్టిన్రు?”

“నేనే.”

“ఎవరు పెట్టుమన్నరు? మా ఆయననా?”

“కాదు, బాపునే. ఎవ్వరికీ చెప్పొద్దని చేతిల చెయ్యేపిచ్చుకున్నడు. నువ్వు ఆయనను ఇంట్ల కూసోవెడ్తనంటివి. ఇగ దాసుడు నాతోని కాదు.”

“మామకు ఇది దేనికన్నా?”

పరమేష్ తల వంచుకున్నాడు.

“బాపు దారులన్నీ మర్చిపోయిండు చెల్లె, అరల పెట్టిన ఫోను చెవిల చెప్తే నీకు చెప్తుండు.”