దూది గది కిటికీ

“బాబాయ్, తలుపు రావట్లేదు! గాలికి బయట గడియ పడిపోయింది.”

కాలువ గట్టు మీది పాత నూలు మిల్లుకు చరిత్ర బోర్డు రాయడానికొచ్చిన ఇంజనీరమ్మ, అక్కడే ఫిట్టరుగా చేసి రిటైరైన ఆమె బాబాయి, కింది దూది గదిలో ఇరుక్కున్నారు. కాలువ లాకులు ఎత్తినట్టున్నారు, నీళ్లు మోకాళ్లు దాటాయి.

“లోపల గడియే లేదేంటి?”

“దూది బేళ్లు గడియ పెట్టుకుంటాయా తల్లీ? ఆ కిటికీ ఎక్కు. రెండు ఊచలు లేవు.”

“దొంగలు కోసినవేగా! బోర్డులో అదే రాశాను. వాళ్ల పుణ్యమా అని బతికాం.”

ఆమె పైకెక్కి, మొండి ఊచ పట్టుకుని ఆగిపోయింది. “బాబాయ్, ఊచ కోసిన ఆకురాయి గాట్లన్నీ మనవైపే ఉన్నాయి.”

ఆయన తడిమి చూశాడు. ఫిట్టరు చెయ్యి పొరబడదు. కోసింది లోపలున్నవాళ్లే. బయట గడియ పెట్టింది బేళ్ల కోసం కాదు, పనివాళ్ల కోసం.

“మీ నానమ్మ ఇక్కడ పనిచేసిన రోజుల నుంచీ అరిగిన ఆకురాయి ఒకటి పెట్టెలో దాచుకుంది. నీకిదెందుకమ్మా అని ఎన్నిసార్లు నవ్వానో!”

నీళ్లు నడుము దాకా వచ్చాయి. ఆమె కంగారుగా చెయ్యందించింది.

ఆయన అందుకోలేదు. “వస్తా. ముందు ఆ బోర్డులో దొంగలన్న మాట కొట్టేస్తానని చెప్పు.”