క్వార్తా అంటే నాలుగు

“ఆపరేషన్ నిన్ననే అయిపోయింది బాబాయ్,” అంది నర్సు.

అతను నవ్వాడు. “నిన్నేమిటమ్మా? గురువారం ఇవాళేగా! అందుకే నిన్న లాండ్రీలో రెండు షిఫ్టులూ చేసేసి, ఇవాళ సెలవు పెట్టుకొచ్చా. లోపలికి తీసుకెళ్లేటప్పుడు చెయ్యి పట్టుకుంటానని మీ పిన్నికి మాటిచ్చాను.”

ఆ ఆసుపత్రిలో తెలుగు వచ్చింది ఆమె ఒక్కతికే. మిగతా అందరిదీ పోర్చుగీసే.

“డాక్టరు గురువారమని చెప్పలేదు బాబాయ్. క్వార్తా అన్నారు.”

“నేనూ అదే చెబుతున్నా. క్వార్తా అంటే నాలుగు. మా ఆవిడ నా వేళ్లు పట్టుకుని మరీ లెక్కపెట్టింది. సోమ, మంగళ, బుధ, గురు.” నాలుగో వేలు ముడిచి చూపించాడు.

“వీళ్ల లెక్క ఆదివారం నుంచి మొదలవుతుంది. సోమవారం రెండోది. నాలుగోది బుధవారం.”

అతని వేళ్లు గాల్లోనే ఆగిపోయాయి. గొంతు తగ్గించి, “ఒంట్లో బాగాలేక పొరబడి ఉంటుంది. ఆ సంగతి దానితో అనకు తల్లీ, నొచ్చుకుంటుంది. ఏ వార్డులో ఉంది?” అన్నాడు.

నర్సు కుర్చీ జరిపి కూర్చోబెట్టింది. మంచినీళ్లు తెచ్చి, అతను తాగేదాకా గ్లాసు కింద తన చెయ్యి ఆనించే ఉంచింది.

“నిన్నంతా మీకు ఫోన్ చేస్తూనే ఉన్నాం. స్విచాఫ్ వచ్చింది. పిన్ని థియేటర్లోంచి తిరిగి రాలేదు బాబాయ్.”

అతను ఖాళీ గ్లాసు ఆమె చేతికిచ్చాడు.

“చిన్న ఆపరేషనే అందిగా?”

“చిన్నది కాదు. బతకడం కష్టమని డాక్టరు ముందే చెప్పారు. పిన్నికి తెలుసు.”

“మరి నాతో అనలేదే! సూది చూస్తేనే కళ్లు తిరుగుతాయని నన్ను ఎప్పుడూ ఏడిపించేది. మొండిగానైనా నిలబడి ఉండేవాణ్ణి కదమ్మా! ఆ తలుపు దగ్గర నాకోసం ఎంత వెతుక్కుందో! ఈ దిక్కుమాలిన వారాలు రాక, దాన్ని ఒంటరిగా పంపించేశాను.” ముడిచిన వేళ్లతో నుదురు కొట్టుకోసాగాడు.

నర్సు ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

“వెతుక్కోలేదు బాబాయ్. నేను ఈ ఊరొచ్చిన కొత్తలో, నాకు వారాల పేర్లు నేర్పింది పిన్నే.”