మిషన్‌లో పసుపు బియ్యం

"గింజలు పోస్తే అదే పొడి చేస్కుంటది, అదే కాఫీ దించుతదని అమ్మితివి గద! రెండు దినాలు గూడ నడవలే. నాకు ఇప్పుడే కొత్తది కావాలె!"

ఆనంద్ కుమార్ దిల్‌సుఖ్‌నగర్ షాపు కౌంటర్ మీద కాఫీ మిషన్‌ని దబ్బున పెట్టాడు. తెల్లారితే ఎల్బీ నగర్ మెట్రో దగ్గర అతని కాఫీ కౌంటర్ ఓపెనింగు. పాస్టర్ గారొచ్చి ప్రార్థన చేస్తారు, చర్చి జనమంతా వస్తారు. ఈ ముదనష్టపు మిషన్ చూస్తే ఉలకదు, పలకదు. ఒళ్ళు మండదా మరి!

షాపు ఓనరు పట్టాభిది గుంటూరు వైపు. తాపీగా స్క్రూలు విప్పి, గింజలు నలిగే చోట బ్రష్షుతో గీకాడు. పచ్చటి ముద్దొకటి ఊడిపడింది.

"ఇదేంటండీ?"

"నాకేం ఎర్క? నువ్వే చెప్పు."

"అక్షింతలండీ బాబూ! నెయ్యీ పసుపూ పట్టించిన బియ్యం. కొత్త మిషన్‌కి పూజ చేసుకోండి, వద్దనను. పైన బొట్టు పెట్టుకోవాలి గానీ, లోపల అక్షింతలు పోస్తారా ఎవరైనా? దీనికి వారంటీ లేదు. తీసుకెళ్ళండి."

ఆనంద్ కుమార్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏం మాట్లాడుతున్నవ్? మేం క్రైస్తవులం! నా బిడ్డ పేరు బ్లెస్సీ. మా ఇంట్ల అక్షింతలెక్కడియి?"

"మరి వాటికవే నడుచుకుంటూ వచ్చాయా?"

"నీ షాపుల్నే వచ్చినయ్! ఎవడో వాడి వాపస్ ఇచ్చిన మాల్‌ని తుడిచి, కొత్తదని నాకు అంటగట్టినవ్!"

టీవీలు చూస్తున్న జనమంతా ఇటు తిరిగారు. పట్టాభి మొహం కందగడ్డయింది.

"నోరు అదుపులో పెట్టుకోండి! సీలు మీ చేత్తో మీరే కదా చింపారు?"

"సీలు అతికిచ్చుడు ఎంతసేపు? బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్త, మా ఇంట్ల ఎవ్వరం గా బియ్యం ముట్టలే. ఆగు, వీడియో తీసి అందరికీ పంపుత నీ బండారం!"

ఫోన్ పైకి లేచేసరికి, టీవీ కొనబోతున్న దంపతులు మెల్లగా గుమ్మం వైపు జరిగారు. పట్టాభి పళ్ళు పటపటా కొరికి, లోపల్నుంచి ఇంకో పెట్టె తెచ్చి తోశాడు.

"నా దగ్గరున్న ఆఖరిదిది. పట్టుకుపోండి! మళ్ళీ ఈ గడప తొక్కారో, ఊరుకోను!"

"నీ గడప ఎవనికి కావాలె?" అంటూ ఆనంద్ కుమార్ పెట్టె భుజానికెత్తుకున్నాడు.

మీర్‌పేట్‌లో కిరాయి ఇంటికి చేరేదాకా తిడుతూనే ఉన్నాడు. మిషన్‌ని బల్ల మీద పెట్టి, ప్లగ్గు గుచ్చి, మొహం కడుక్కుందామని పెరట్లోకి పోయాడు.

తిరిగొచ్చేసరికి ఇంటి ఓనరు చంద్రమ్మ బల్ల దగ్గర నిలబడి ఉంది, చేతిలో ఖాళీ గిన్నె.

"మొన్నటిది ఖరాబైందంట గద బిడ్డా! ఐతారం మీరు తాళంచెవి నాకిచ్చి చర్చికి పోయినప్పుడు, మీ యాపారం మంచిగ నడవాల్నని మిషన్ల జరన్ని అచ్చింతలేసి దీవించిన, సాలనట్టుంది. గీసారి గిన్నెడు పోసి స్విచ్ గూడ నేనే ఏసిన... జర సప్పుడు చేసి సల్లగైంది."