పందొమ్మిదో కుంచం

కుంచంతో ధాన్యం కొలిచేటప్పుడు మా ఊళ్ళో ఎవరూ ‘ఒకటి’ అనరు. మొదటి కుంచానికి ‘లాభం’ అంటారు. అలా పాడినట్టు లెక్కపెట్టడంలో మా కొలతల కూలీ రాజరత్నానికి సాటి లేరు.

తొంభై ఆరు తుఫాను నాటి సాయంత్రం బయటి రాశిని నా ధాన్యం కొట్టులోకి కొలిచి పోస్తూ, పందొమ్మిది దగ్గర ఆగాడు.

“గాలి తేడాగా ఉందండి. పాకలో దీనమ్మ ఒక్కతే ఉంది. వెళ్ళనా అండి?”

“గాలికి ఎగిరిపోద్దా ఏంటి మీ ఆవిడ? రాశి అవగొట్టి వెళ్ళు” అన్నాను.

ఆ రాశి తడిస్తే నాకెంత పోతుందో లెక్క వేసుకునే అన్నాను. రాజరత్నం పూర్తి చేసే వెళ్ళాడు. కాలవగట్టు మీద వాళ్ళ పాక గానీ, వాళ్ళిద్దరూ గానీ మళ్ళీ కనిపించలేదు.

ఏడాది తిరిగింది. ఒక రాత్రి కరెంటు పోయింది. ఖాళీ కొట్టుకు తాళం వేయబోతుంటే, లోపల గింజలు జారిన చప్పుడైంది. ఆ వెంటనే “లాభం” అని వినిపించింది. రెండు, మూడు, నాలుగు... తెలిసిన గొంతే. పందొమ్మిది దగ్గర ఆగింది.

“వెళ్ళనా అండి?”

‘వెళ్ళు రత్నం’ అందామని నోరు తెరిచాను. ఏడాదిగా మనసులో ఎన్నిసార్లు అనుకున్న మాటో.

నా జవాబు కోసం కాసేపు చూసి, లోపల మళ్ళీ మొదలుపెట్టాడు.

“లాభం.”