ఒకే తలుపు

“మళ్ళీ అదే. అయిదు వందల రెండు ఎర్రర్,” అన్నాడు ఆసుపత్రి కంప్యూటర్లు చూసే తిలెక్, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

“అంకెలు నాకెందుకు? బిష్కెక్‌లో సర్జన్ గారికి స్కాన్ కనబడుతోందా, లేదా?” ల్యాండ్‌లైన్ రిసీవరును చెవి దగ్గరే ఉంచుకుని అడిగింది డాక్టర్ చినారా.

గోడకు అవతల ఎసెన్ స్పృహ లేకుండా పడి ఉన్నాడు. కోక్-బోరు ఆటలో గుర్రం మీదినుంచి పడి తలకు దెబ్బ తగిలింది. రాజధాని బిష్కెక్‌కు వెళ్ళే కనుమను మంచు మూసేసింది. పుర్రెకు ఇప్పుడే రంధ్రం చెయ్యాలో, దారి తెరిచేదాకా ఆగవచ్చో చెప్పగలిగినవాడు ఆ సర్జన్ ఒక్కడే. చినారా ఇంతవరకు ఎవరి పుర్రెనూ తెరిచి ఎరుగదు.

“ఒక ఫొటో తీసి పడేస్తే పోలా?” అన్నాడు ఎసెన్ అన్న కుబాత్.

“ఒక్కో పొరా చూడాలి బైకె. ఫొటో చాలదు,” అని ఆ పెద్దన్నకు చెప్పింది చినారా.

స్కాన్ బొమ్మలు ఆసుపత్రి లోపలి యంత్రంలో ఉన్నాయి. బయటినుంచి లోపలికి ఉన్నది ఒకే తలుపు. వచ్చినవారిని ఆ తలుపు దగ్గర నిలిపి, సరైన గదికి పంపే కాపలాదారు వంటి ప్రాక్సీ మేనేజరును తిలెక్ అప్పుడే కంప్యూటర్లోనే విడి డబ్బా లాంటి ఒక లైనక్స్ కంటైనర్‌లో నెలకొల్పాడు. కాపలాదారు మేలుకునే ఉన్నాడు; అతనికి గదే దొరకడం లేదు.

తిలెక్ ఉన్నట్టుండి నుదురు కొట్టుకున్నాడు. “గది చిరునామా 127.0.0.1 అని రాసి చచ్చాను! కంటైనర్ లోపల దానర్థం ‘నేనే’ అని. వచ్చినవాణ్ణి వచ్చినట్టు తన దగ్గరికే తీసుకెళ్తున్నాడు ఈ కాపలా వెధవ!”

“నీకు తగ్గవాణ్ణే పెట్టుకున్నావ్. తొందరగా కానీ!” అంది చినారా.

బొమ్మల యంత్రం అసలు చిరునామా రాయగానే ఎసెన్ పుర్రె తెర మీద తేలింది.

“పాస్‌వర్డ్ పెడుతున్నా ఎజె,” అక్కా అని పిలిచే చనువుతో చినారాకు చెప్పాడు తిలెక్.

“వద్దురా తమ్ముడూ,” అడ్డుపడ్డాడు కుబాత్. “ఆ పెద్దాయనకి ఫోన్ ఎత్తడమే గగనం. లింకు ఇటివ్వు. ఆయన మా బంధువే, నేను పంపుతా.”

చినారా సరేనన్నట్టు చెయ్యి ఊపింది. కాసేపటికి రిసీవరులో సర్జన్ మాట విని అరిచింది. “మొదటి పొర సగం వచ్చి ఆగిపోయిందట!”

తిలెక్ రాకపోకల చిట్టా తెరిచాడు. మాస్కో, సియోల్, ఇస్తాంబుల్... వరసలు చదవడానికి వీల్లేనంత వేగంగా పరిగెడుతున్నాయి.

“దాడి చేస్తున్నారు ఎజె! దేశదేశాల దొంగలు కూడబలుక్కుని మన మీద పడ్డారు!”

“ఈ ఆసుపత్రిలో దోచుకోవడానికి ఏముందిరా, దుప్పట్లా?” అంది చినారా.

నర్సు పరుగెత్తుకొచ్చింది. “డాక్టర్, ఎడమ కంటిపాప పెద్దదవుతోంది!”

“డ్రిల్లు సిద్ధం చెయ్యి,” అంది చినారా.

“సర్జన్ గారి ఆసుపత్రి నెట్ చిరునామా అడగండి ఎజె, త్వరగా!” అన్నాడు తిలెక్.

ఆమె ఒక్కొక్క అంకే చెబుతుంటే తిలెక్ కొట్టాడు. ఆ ఒక్క చిరునామాకు తప్ప లోకమంతటికీ తలుపు మూసేశాడు. చిట్టా పరుగు ఆగింది. ఒకే ఒక్క అతిథి మిగిలాడు.

రిసీవరులోంచి ముసలి గొంతు ఖంగుమంది. “కనబడింది! ఎడమ పక్క నెత్తురు గడ్డ. దారి కోసం ఆగకమ్మాయ్, ఇప్పుడే తెరువు. ఎక్కడో నేను చెప్తా.”

ఆపరేషన్ ముగించి చినారా బయటికి వచ్చేసరికి ఆమె తలమీది టోపీ చెమటతో తడిసి ఉంది. “బతికాడు,” అని బల్ల మీద కూలబడింది.

తిలెక్ ఊపిరి పీల్చుకున్నాడు. కుబాత్ కళ్ళు తుడుచుకుని, ఫోన్ అతని ముఖం ముందుకు తోశాడు.

“అంతా బాగానే ఉంది గానీ, తలుపెందుకు మూశావురా? ‘తమ్ముడి తల చూసి తలా ఒక దువా చెయ్యండి’ అని సర్జన్ గారున్న మా వంశం గ్రూపులో లింకు పెడితే, మాస్కో వాళ్ళు సగమైనా చూడకముందే కట్టేశావ్!”